జాలు నేల మీద ఒక గెంతు

ఆ రోజుల్లో నేల మీద నాకు తెలియని సంగతి ఉండేది కాదు. నేల కింద అసలే ఉండేది కాదు. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఆసిఫాబాద్ వైపు ఒక బొగ్గు గనిలో కొత్తగా చేరాను. బొగ్గు అందాలంటే ముందు దాని మీదున్న మట్టీ, రాయీ తవ్వి పక్కన గుట్టగా పోయాలి. ఆ గుట్ట పోయబోయే చోటు ఎలా ఉందో చూసి నక్షా గీయడం నాకు అప్పగించిన మొదటి పని. అడుగున నేల మెత్తగా ఉన్నా, నీళ్లు దిగే దారి లేకపోయినా వానాకాలంలో గుట్టంతా జారి కింది చేల మీద పడుతుంది. ఈ సంగతి పరీక్షలో నాలుగు పేజీలు రాసి బోలెడు మార్కులు తెచ్చుకున్నదాన్ని (ఆ మార్కుల కాగితాన్ని మా బాపు చుట్టాలందరికీ చూపించాడు, దుబాయి నుంచి వచ్చిన మేనమామకైతే రెండుసార్లు). మే నెల ఎండలో నేలంతా నెర్రెలిచ్చి కనిపించింది. నక్షా మొత్తానికి పచ్చరంగు పూసి, 'పొడినేల' అని రాసి పంపేశాను.

మట్టి లారీలు రావడానికి రెండు రోజుల ముందు, హద్దుల మేకులు కొట్టించడానికి ఇద్దరు పనివాళ్లతో మళ్లీ వెళ్లాను. అక్కడ ఒక ముసలామె బర్రెలు మేపుతోంది. చుట్టుపక్కల అందరూ ఆమెను బర్రెలవ్వ అంటారు. గుట్ట పోయబోయే చోటికి సరిగ్గా కిందనే ఆమె చేను.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"గీడ గుట్ట పోస్తరు అవ్వా. నేల గట్టిగున్నదా అని చూసిన."

"గీడనా? ఇది జాలు నేల. లోపల ఊట ఉన్నది. ఎండకాలంల నా బర్రెలు గీ తుంగల్నే పండుతయి, సల్లగుంటదని."

"పొడిగనే ఉన్నది గదా! నక్షాల సుత గట్లనే ఉన్నది."

"నక్షా గీసిందెవలు?"

"నేనే."

"మరి దాన్నడిగితే నువ్వు జెప్పిందే జెప్తది."

పనివాళ్లిద్దరూ ఒక్కసారిగా మొహాలు అటు తిప్పుకున్నారు. నాకు చెవులు వేడెక్కాయి. "చూడవ్వా ఎంత గట్టిగున్నదో" అంటూ కొత్త బూట్లతో తుంగలోకి పోయి గెంతాను. ఏమీ కాలేదు. (అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.) విజయగర్వంతో ఇంకొకసారి, ఇంకాస్త ఎత్తుకు గెంతాను. పైన ఎండిన పెచ్చు పటుక్కున విరిగి కుడికాలు మోకాలి దాకా చల్లటి బురదలోకి దిగింది. నేను లాగిన కొద్దీ అది లాగుతోంది. పక్కనే పడుకున్న బర్రె తల తిప్పి, తన చోట్లో నాకేం పని అన్నట్టు చూసింది. బర్రెలవ్వ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. "జర నిమ్మలం బిడ్డా, కాలు ఆడియ్యకు" అని కర్ర అందించింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. నా కాలు మీది బురద గడ్డితో తుడుస్తూ మెల్లగా అంది: "గుట్ట జారితే నా చేను గాడనే ఉన్నది. మీ సార్‌కు జెప్పరాదు?"

ఆఫీసు దాకా ఒంటి బూటుతో నడుస్తూ ఎన్ని అబద్ధాలు తయారు చేశానో! వాగులో జారిపడ్డానని చెబితే సరిపోతుంది. నక్షా తప్పని ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో. మా పెద్దసారును మేమంతా మౌనం సార్ అనేవాళ్లం. రోజుకు పది మాటలు మించి మాట్లాడితే ఆరోగ్యం చెడుతుందన్నట్టు ఉండేవారు. తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడ్డాను. చేను గుర్తొచ్చింది. లోపలికి వెళ్లాను.

"సార్, నా నక్షా తప్పు. గక్కడ ఊట ఉన్నది."

ఆయన నా కాళ్ల వైపు చూశారు. "ఎంత లోతు?"

"మోకాలి దాకా నేనే కొలిచిన సార్. ఆ కిందికి బూటు పోయింది, ఇంకా రాలే."

మౌనం సార్ నవ్వడం ఆ గనిలో చాలామంది అప్పుడే మొదటిసారి విన్నారట. ఆ వెంటనే లారీలు ఆపించారు. పైనుంచి ఫోన్లో ఎవరో గట్టిగా అరుస్తుంటే, "లేదు సార్, మా ఇంజనీరు స్వయంగా దిగి కొలిచింది" అని మాత్రం అన్నారు.

మర్నాడు గుంతలు తవ్విస్తే ప్రతి గుంతలోనూ నీళ్లే. పైమట్టి తీసి, తర్వాత చెట్లు పెట్టడానికని పక్కన పోయించాం. మెత్తటి నల్లరేగడిని గట్టినేల తగిలే దాకా తోడించాం. వాలును మెట్లుమెట్లుగా చెక్కించి, ఊట వెంబడి పొడుగాటి కాలువ తవ్వించి, సందుల్లోంచి నీళ్లు పారేలా పెద్ద పెద్ద రాళ్లతో నింపించాం. ఊట ఎక్కడెక్కడ మలుపు తిరుగుతుందో బర్రెలవ్వ కర్రతో చూపించింది. నేను వెనకాల మేకులు కొట్టించుకుంటూ నడిచాను, నోరు మూసుకొని.

ఆ తర్వాతే గుట్ట పోయించాం. ఆ ఏడు వానలు దంచికొట్టాయి. రోజూ పొద్దున్నే గొడుగేసుకొని గుట్ట చుట్టూ బీటల కోసం వెతికేదాన్ని. బీట లేదు. రాళ్ల కాలువ చివర మాత్రం తేటనీరు గలగలా బయటికి వస్తోంది. బర్రెలవ్వ దోసిట్లో పట్టి చూసి, "గుట్ట కింద మంచిగ మోరి పెట్టిర్రు" అంది. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు మళ్లీ దొరకలేదు. ఆ వానాకాలం పంట ఆమె ఇంటికి చేరింది.

ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లను ఎంపిక చేసే కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆనాటి ఆ పిల్ల ఎదురుగా వచ్చి కూర్చుంటే తీసుకుంటానా అని అప్పుడప్పుడు అనుకుంటాను. తీసుకుంటాను, తన తప్పు చెప్పడానికి తలుపు తోసుకొని లోపలికి వచ్చింది కదా. కాకపోతే మొదటి నెలంతా దాన్ని మాట్లాడనివ్వను.