పద్మనాభయ్య సారు గొంతు

ముత్తుకూరు దగ్గర రోడ్డు వారగా ఉంటుంది ఆ బడి. కృష్ణపట్నం పోర్టుకు పోయే లారీలు పొద్దస్తమానం హారన్లు మోగించుకుంటూ పోతుంటాయి. ఆ రొదలో పాఠం వినపడాలంటే గొంతు పెంచక తప్పదు. అట్లా పెంచీ పెంచీ పద్మనాభయ్య సారు గొంతు కంచుగంటలా తయారైంది. ఆయన ఒకటో తరగతిలో ఎక్కాలు చెప్తే రోడ్డవతల టీ అంగట్లో కూర్చున్నవాళ్లకూ నోటికొచ్చేస్తాయని ఊళ్లో అనేవాళ్లు. ఆ మాట వింటే ఆయనకు లోలోపల సంతోషం.

వేసవి సెలవులు అయిపోవస్తుండగా, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం టీచరు ప్రత్యూష బడికి వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలు ఇన్నాళ్లూ కేంద్రంలోనే చదువుకున్నారు. ఈ ఏడు వాళ్లను మామూలు తరగతిలో అందరితో కలిపి కూర్చోబెడతారట. ఇద్దరు ఈ బడికే వస్తారు.

"బడి తెరవకముందే ఒకసారి తీసుకొచ్చి చూపిస్తాను సార్. కొత్త చోటంటే వాళ్లకు బెదురు" అంది ప్రత్యూష.

"దానికేముందమ్మా, తీసుకురా" అన్నాడు సారు.

మర్నాడు పెంచల్ అనే పిల్లాడు నేరుగా వచ్చి ఫ్యాను కింద నిలబడి, అది తిరగడమే చూస్తూ ఉండిపోయాడు. రెండోది బిందు. వాళ్ల నాన్న సముద్రం మీద వేటకు పోతాడు. తల్లి సుభాషిణి చెయ్యి పట్టుకుని గడప దగ్గరే ఆగిందా పిల్ల. సారు నవ్వుతూ ఎదురెళ్లి, "రా బంగారూ, లోపలికి రా" అని పిలిచాడు.

బిందు రెండు చేతులతో చెవులు మూసుకుంది. వరండాలో ఉన్న బల్ల కిందికి దూరి గుక్కపట్టి ఏడ్చింది. ప్రత్యూష ఆ పక్కనే నేలమీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు అట్లాగే ఉంది. ఏడుపు దానంతటదే తగ్గింది.

"ముద్దుగానే గదమ్మా పిలిచినాను" అన్నాడు సారు, ముఖం చిన్నబుచ్చుకుని.

"ముద్దుగానే పిలిచినారు సార్. మనకు మామూలుగా వినపడేది ఆ బిడ్డకు చెవిలో డప్పు కొట్టినట్టుంటాది." నెమ్మదిగా అంది: "పిలకాయల్ని తయారు చేస్తా ఉండాం. మనం కూడా కొంచెం తయారు కావాల."

ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. రాత్రంతా అదే నలిగింది. తెల్లారి, ఎవరూ పిలవకుండానే భవిత కేంద్రానికి పోయి ఒక మూల కూర్చున్నాడు. ప్రత్యూష మొదట బొమ్మ చూపిస్తోంది. ఒక్క మాట చెప్పి ఆగుతోంది. పిల్లలు బదులిచ్చేదాకా ఆగుతూనే ఉంది. ఆ ఆగడం చూస్తుంటే సారుకు నాలుక దురద పుట్టింది.

ఇంటికొచ్చి భార్య వెంకటశేషమ్మను సన్నటి గొంతుతో మంచినీళ్లు అడిగాడు. ఆమె వంటింట్లోంచి గబగబా వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. సంగతి చెప్పాక నవ్వింది. "పెళ్లయిన కాడ్నించి నేను మొత్తుకుంటే వినలా. ఆ బిడ్డ ఒక్క ఏడుపుతో వినిపించినాది."

సారు తన తరగతిని రోడ్డు వైపు నుంచి వెనక సరుగుడు తోట వైపు గదికి మార్పించుకున్నాడు. బడి తెరిచారు. మొదట్లో అన్నీ తిప్పలే. కరెంటు పోయి ఫ్యాను ఆగితే పెంచల్ ఏడుపు. బిందు గడప దాటేది కాదు. సారుకు గొంతు పోయిందని పిల్లలు ఇళ్లలో చెప్పారు. అయితే ఆయన మాట వినపడాలంటే వాళ్లూ గమ్మునుండాల్సి వచ్చింది. మెల్లగా గదిలో గోల తగ్గింది.

ఒకరోజు సారు చాప మీద కూర్చుని కథ చదువుతున్నాడు. బిందు గడప దాటి వచ్చింది. ఆయన చూడనట్టే చదువుకుంటూ పోయాడు. ఆ పిల్ల పక్కనే కూర్చుని, మాట ఎక్కడ పుడుతోందో వెతికినట్టు ఆయన గొంతు మీద వేళ్లు ఆనించింది. ఆ అదురుకు నవ్వింది. సారుకు కళ్లు చెమర్చాయి గానీ చదవడం ఆపలేదు. కథ అయిపోతే మళ్లీ మొదటినుంచీ చదివాడు.

దసరా నాటికి బిందు మధ్యాహ్న భోజనం దాకా ఉండసాగింది. మాటలు ఇంకా రాలేదు. గుడ్డు వలిచి పెట్టే నేస్తం మాత్రం దొరికింది. అప్పటిదాకా రోజూ వరండాలో కాపు కూర్చున్న సుభాషిణి ఇప్పుడు కూతుర్ని దించి ఇంటికి పోతోంది.

ఆమధ్య ప్రత్యూష బడికి వచ్చినప్పుడు సారు గుమ్మం దాకా ఎదురెళ్లాడు. "వచ్చే ఏడు ఎవరొస్తా ఉండారో ఇప్పుడే చెప్పమ్మా" అన్నాడు. "నేనే ముందు పోయి ఆ బిడ్డల్ని చూసొస్తా."