పరీక్షకు రాని వాక్యం

ఉప్పల్ మెట్రో మెట్ల కింద జిరాక్స్ షాపులో, మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాల వాసన, వేడిగా, కొంచెం మాడినట్టు, కొంచెం మందు కలిసినట్టు ఉండే ఆ వాసన తగిలితే చాలామందికి చదువుకున్న రోజులు గుర్తొచ్చి ముచ్చటేస్తుందట. నాకు మాత్రం అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. మొన్న మా అమ్మాయి తొమ్మిదో తరగతి నోట్సు ప్రింటు తీయించడానికి వెళ్ళాను. ఎవరో ఫోన్లో పంపారు. సోషల్, సైన్సు, తెలుగు, హిందీ, ఆఖరికి డ్రాయింగు పాఠాలు కూడా ఒకే కట్టగా ఉన్నాయి. రాసిందెవరో తెలియదు. అయినా పిల్లలు నమ్ముతారు, బట్టీ పడతారు. షాపతను పిన్నులు కొడుతుంటే నేను ఒక్కో పేజీ తిప్పి, ఎక్కడ ఏ మాట వదిలేశారోనని వెతుకుతూ నిలబడ్డాను. మా అమ్మాయికి విసుగొచ్చి బయటికి వెళ్ళిపోయింది.

నేను తొమ్మిదో తరగతి చదివేనాటికి ఉప్పల్ రోడ్డు మీద ఈ మెట్రో స్తంభాలేవీ లేవు. నాచారం ఫ్యాక్టరీల సైరన్ మోగితే అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టేది. వానాకాలం సాయంత్రాలు గాలి తిరిగినప్పుడు ఒక ఘాటు వాసన వీధుల్లోకి దిగేది, ఆరేసిన బట్టలకు పట్టేది, అమ్మ ముక్కు మూసుకుని కిటికీలు వేసేది. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగం చేసేవాడు. ఆయన తెచ్చే ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలే నాకు చిత్తు పుస్తకాలు. వాటి మీద ముందు గీకి, తర్వాత అట్ట వేసిన నోటుబుక్కులోకి నీలం సిరాతో ఎక్కించి, ముఖ్యమైన ప్రశ్న పక్కన ఎర్రచుక్క పెట్టేదాన్ని. మా తరగతి మొత్తానికి నా నోట్సే ఆధారం. పరీక్షల ముందు అది చేతులు మారి మారి ఉప్పల్ చౌరస్తాలో జిరాక్స్ అయ్యి, పక్క సెక్షన్ల దాకా పోయేది. నాకు తలపొగరు బాగానే ఉండేది, ఇప్పుడు దాచుకుని లాభమేముంది.

సబిత నా బెంచీలోనే కూర్చునేది. వాళ్ళ నాన్న నాచారంలో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. స్కూలు వదిలాక మా ఇంటికొచ్చి, అమ్మ పెట్టిన జంతికలు నములుతూ, ఆ రోజు నోట్సంతా ఎక్కించుకునేది. అమ్మ ఆమె మాట వినడానికే ఏదో ఒకటి అడిగేది, "గట్ల కాదత్తమ్మా" అని సబిత అంటే తర్వాత రెండ్రోజులు ఇంట్లో అందరం గట్ల గిట్ల అనుకుంటూ తిరిగేవాళ్ళం. తొక్కుడుబిళ్ళ ఆడితే ఆమెను ఓడించడం మొదట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు. ఆ ఏడు మాత్రం గీత తొక్కడం మొదలుపెట్టింది. తొక్కలేదని వాదించేది, కోపంతో బిళ్ళ విసిరేసేది, మేం తొండి అని ఏడిపించేవాళ్ళం.

ఆ వానాకాలంలోనే ఒక రోజు ఆమె తలనొప్పితో బడికి రాలేదు. సైన్సు సారు విటమిన్ల పాఠం చెప్పాడు. విటమిన్ ఏ లోపం వలన రేచీకటి కలుగును, క్యారెట్, బొప్పాయి, మునగాకు, గుడ్డు, కాలేయం తీసుకొనవలెను. నేను రాసి ఎర్రచుక్క పెట్టాను. అప్పుడు సారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు. మంచి తిండి తిన్నా చూపు తగ్గుతుంటే, తల నొస్తుంటే, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడుతుంటే అది రేచీకటి కాదు, నీటికాసులు అనే వేరే జబ్బు, ఒక్క రోజు కూడా ఆగకుండా కంటి దవాఖానాకు పోవాలి అన్నాడు. సారు వాళ్ళమ్మకు అట్లాగే చూపు పోయిందట. "ఇది పరీక్షల రాదు. కానీ యాదికుంచుకోండి" అన్నాడు.

పరీక్షలో రాదు అన్న మాట వినగానే తరగతిలో పెన్నులన్నీ ఒకేసారి కింద పెట్టడం మా బడిలో అలవాటు. ఆ రోజు అందరికంటే ముందు క్యాప్ పెట్టింది నేను. మర్నాడు సబిత వచ్చి నా పుస్తకం చూసి ఎక్కించుకుంది, ఎర్రచుక్కతో సహా.

తరగతి లీడర్‌ని కాబట్టి పుస్తకాల దొంతర్లు స్టాఫ్‌రూముకు మోసేదీ, దిద్దాక తెచ్చేదీ నేనే. సోషల్ పుస్తకంలో భారతదేశం పటం మీద సబిత ఢిల్లీని, నాగపూర్‌ను సరిగ్గా గుర్తించేది. గుజరాత్ తీరం, విశాఖపట్నం వదిలేసేది. డ్రాయింగు మేడం బల్ల మీద కుండ, దాని పక్కన మామిడికాయ, ఇంకో పక్కన మూసిన గొడుగు పెట్టి గీయమంటే సబిత కుండ ఒక్కటే గీసింది, చాలా అందంగా గీసింది. తెలుగు పుస్తకంలో పద్యపాదాల చివరి మాటలు ఉండేవి కావు. హిందీలో అక్షరాల మీది గీత పేజీ చివరికొచ్చేసరికి కిందికి జారిపోయేది. నాలుగు పుస్తకాల్లోనూ ఎర్రసిరాతో ఒకటే మాట, అజాగ్రత్త. ఏ టీచరూ ఇంకో టీచరు దిద్దిన పుస్తకం చూడలేదు. నాలుగూ ఒక్కచోట చూసినదాన్ని నేనొక్కదాన్నే. నా పుస్తకం చూసి రాస్తూ కూడా తప్పులు రాస్తుందేమిటని చిరాకుపడ్డాను.

దసరాకు ముందు సద్దుల బతుకమ్మ నాడు వాళ్ళ వీధికి వెళ్ళాం. సబిత వాళ్ళమ్మ పొద్దుటినుంచి గునుగుపూలకు రంగులద్ది, తంగేడు, బంతి వరసలు పేర్చి, నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద చేసి గిన్నెల్లో సర్దింది. మలీద ముద్ద నోట్లో పెట్టుకుంటే బెల్లం, నెయ్యి కలిసి కరిగేది. ఇప్పుడు ఆ రుచి తలుచుకున్నా దాని వెనకే ఆ సాయంత్రం వస్తుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు, వెలుతురు తగ్గుతోంది, వీధిదీపం ఇంకా వెలగలేదు. చెరువుకు బయల్దేరుదామని బతుకమ్మలు ఎత్తుతున్నప్పుడు సబిత పక్కకు తిరిగి నడిచి, నేల మీద ఓ వారగా పెట్టిన పొరుగింటి బతుకమ్మలో కాలు పెట్టింది. పూలన్నీ చెదిరాయి. పాట ఆగిపోయింది. ముసలావిడ ఒకామె "కండ్లు ఏడ పెట్టుకున్నవే" అంది. సబిత కిందికి వంగి పూలు ఏరడానికి చేతులతో నేలంతా తడుముతోంది. పూలు ఆమె చేతి పక్కనే ఉన్నాయి. వాళ్ళ నానమ్మకు కూడా నడి వయసులోనే చూపు పోయిందని, ఆ ఇంటికి ఏదో ఉందని ఆ రాత్రి అమ్మ నాన్నతో అనడం విన్నాను.

చలికాలంలో ఒక సాయంత్రం మా ఇంట్లో నోట్సు రాస్తూ రాస్తూ సబిత తలెత్తి బల్బు వంక చూసింది. "ఉమా, లైటు సుట్టూ నీకు రంగులు కనిపిస్తయా? నాకు రోజు కనిపిస్తున్నయి" అంది.

ఇన్నేళ్ళూ నాకు ఆ క్షణంలో సారు మాట గుర్తురాలేదనే చెప్పుకుంటూ వచ్చాను. గుర్తొచ్చింది. నిప్పురవ్వలా వచ్చి పోయింది. కానీ అది నా నోట్సులో లేదు, నా నోట్సులో లేనిది నిజం కాదన్నట్టుండేది నా పద్ధతి. పైగా అంత సంగతి నేను రాయకుండా వదిలేశానని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఫిజిక్సు పుస్తకం తెరిచి, తెల్లని కాంతి ఏడు రంగులుగా విడిపోతుందని చూపించాను. సాయంత్రం మసకగా ఉంటుందని అంటే రేచీకటి పేజీ తీసి ఎర్రచుక్క చూపించాను. వాళ్ళమ్మకు కూడా నేనే చెప్పాను. ఆవిడ చదువుకోలేదు, ఫస్టు ర్యాంకు పిల్ల పుస్తకం పట్టుకుని చెబితే నమ్మకుండా ఎలా ఉంటుంది. ఆ రోజు నుంచి సబితకు రోజూ క్యారెట్టు, మునగాకు పప్పు, ఆదివారం కాలేయం వేపుడు. వాళ్ళ నాన్న కంటి దవాఖానాకు తోలుకపోతానంటే, ముందు తిండి సంగతి చూద్దామని ఆవిడే ఆపింది. నన్ను చూసినప్పుడల్లా నా తల నిమిరేది.

పదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల్లో సబిత ప్రశ్నపత్రం సగమే రాసింది, మిగతా సగం ఉన్నట్టే తెలియదంది. అప్పుడు తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ చాలాసేపు చూసి, నీటికాసులు, గ్లాకోమా అంది. ఎడమ కన్ను పోయినట్టే, కుడి కంట్లో నడిమి చూపు మాత్రం మందులతో, ఆపరేషన్‌తో కాపాడొచ్చు, పోయిన చూపు మళ్ళీ రాదు అని మెల్లగా చెప్పింది. లైట్ల చుట్టూ రంగులు ఎప్పటినుంచి అని అడిగింది. ఏడాది అని సబిత చెప్పింది. అప్పుడే తేవాల్సింది కదమ్మా అంది డాక్టరమ్మ. సబిత వాళ్ళమ్మ నేల చూపులు చూస్తూ, క్యారెట్లు పెట్టిననమ్మా, రోజు పెట్టిన అంది. నేను గోడకున్న కంటి బొమ్మ వంక చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత పరీక్షల దాకా రోజూ ఆమెకు చదివి వినిపించాను. చరిత్ర, జీవశాస్త్రం, హిందీ దోహాలు, అన్నీ నా నోట్సులోవే. ఆమె ఒక్కసారి వింటే చాలు, కామాతో సహా పట్టేసేది. కింది తరగతి అమ్మాయి చేత రాయించి మంచి మార్కులతో పాసైంది. ఉమ లేకపోతే నేను లేను అని ఆమె ఊరంతా చెప్పుకుంది. నాకు ఆ మాట విన్న ప్రతిసారీ పారిపోవాలనిపించేది, పారిపోవడానికి భయమేసేది. అందుకే బోడుప్పల్‌లో ఇల్లు కొనుక్కున్నాక కూడా ప్రతి ఆదివారం నాచారం వెళ్తూ వచ్చాను.

సబిత ఇప్పుడు వాళ్ళ ఇంటి ముందు గదిలో ట్యూషన్ చెబుతుంది. పుస్తకం అక్కర్లేదు, అంతా నోటికే. పోయిన నెల నేను వెళ్ళేసరికి ఎనిమిదిమంది పిల్లలు చాప మీద వంగి రాసుకుంటున్నారు. "విటమిన్ ఏ లోపం వలన రేచీకటి కలుగును" అని చెబుతోంది. నా వాక్యమే. క్యారెట్, బొప్పాయి, మునగాకు, నేను రాసిన వరసలోనే. కాలేయం తీసుకొనవలెను అని ఆగి, తర్వాతి ప్రశ్న అంది. ఎనిమిది పెన్నులు తర్వాతి ప్రశ్నకు కదిలాయి. ఆ పిల్లల్లో ఎవరింట్లో ఎవరికి బల్బు చుట్టూ రంగులు కనబడుతున్నాయో ఎవరికి తెలుసు. అక్కడ ఇంకో మాట ఉంది సబితా అన్నాను. సారు చెప్పింది చెప్పినట్టు, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

ముందు కూర్చున్న ఒక అమ్మాయి, ఇది పరీక్షలొస్తదా టీచర్ అని అడిగింది.

"రాదు. రాసుకోన్రి" అంది సబిత.

పిల్లలు వెళ్ళిపోయాక, సారు ఈ సంగతి ఎప్పుడు చెప్పాడని అడిగింది. ఆమె తలనొప్పితో బడికి రాని రోజని చెప్పాను.

"మీ ఇంట్ల లైటు కింద నేను అడిగిననాడు, నీకిది యాదికున్నదా?"

"ఉంది."

సబిత వాళ్ళమ్మ పోయి నాలుగేళ్ళయింది. చివరిదాకా ఆవిడ తన బిడ్డ చూపు తన ఆలస్యం వల్లే పోయిందనుకుని ఏడ్చేదని అప్పుడు సబిత చెప్పింది, గొంతు పెంచకుండా, నాకు తెలియని సంగతి చెప్పినట్టు. తర్వాత లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను.

మా బడి ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. తొక్కుడుబిళ్ళ ఆడిన వీధి కార్ల పార్కింగు అయ్యింది. సైన్సు సారు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేకపోయారు. నిన్న ఆదివారం. అలవాటు కొద్దీ చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఫోను చూసుకున్నాను. బయల్దేరావా అని ప్రతి వారం సబితే ఫోను చేసేది. నాలుగు వారాలుగా చేయలేదు.