బట్టీలో ఆఖరి గురువారం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చర్చిలో వెనక వరుసలో కూర్చుని, పాటలు కూడా పెదవులతోనే పాడే నేను, ఒక మార్గశిర గురువారం పొద్దున ఇటుక బట్టీలో చాప మీద కూర్చుని లక్ష్మీదేవి కథను ఒడియాలో మొదటి నుంచి చివరిదాకా గొంతెత్తి చదివాను.

నన్ను ఆ బట్టీ బడికి వేసింది దీపావళి దాటిన వారంలో. తాండూరు నుంచి బషీరాబాద్ పోయే దారిలో, రోడ్డుకు కొంత లోపలగా ఉంటుంది. నా హోదా విద్యా వాలంటీరు. విద్యాశాఖలో అది అన్నిటికంటే కింది మెట్టు. నా పైన క్లస్టర్ బాధ్యుడు, ఆయన పైన మండల విద్యాధికారి. వలస కూలీల పిల్లల కోసం బట్టీలోనే నడిపే బడిని పని స్థలం బడి అంటారు. మాది ఒక రేకుల షెడ్డు, ఒక నల్లబల్ల, ఒడిశా నుంచి తెప్పించిన పాఠ్యపుస్తకాలు. ఒడియా చెప్పడానికి అక్కడి నుంచే ఒక టీచరు రావాలి, నేను తెలుగు, లెక్కలు చెప్పాలి. ఆ సీజనులో ఆయన రాలేదు. వచ్చేదాకా మీరే సర్దుకోండి అని పై నుంచి ఫోను వచ్చింది.

సర్దుకోగలిగాను. ఎందుకంటే ఒడియా అక్షరాలు అంతకుముందు సీజనులో, వేరే బట్టీ బడిలో ఉన్నప్పుడే నేర్చుకున్నాను. షేర్ ఆటోలో ఎవరూ పలకరించకుండా ఒడియా ఒకటో తరగతి వాచకం ఒళ్లో తెరిచి పెట్టుకునేదాన్ని. అన్నీ నెత్తిన గొడుగు పట్టుకున్నట్టే కనిపించే ఆ అక్షరాలు కొన్నాళ్లకు ఒక్కొక్కటిగా ముఖం చూపించాయి.

బట్టీలో అందరికంటే పెద్ద మనిషిని ఆయి అని పిలిచేవారు. ఒడియాలో ఆయి అంటే అమ్మమ్మ. ఎన్నో సీజన్లుగా ఇటే రావడం వల్ల మన వైపు తెలుగు బాగానే పట్టుబడింది ఆమెకు. అక్కడి ఆడవాళ్లలో చదవగలిగింది ఆమె ఒక్కతే. వాళ్ల ఊళ్లో పుస్తకాలకే ఒక చిన్న గది ఉందట. తాటాకు గ్రంథాన్ని గద్దె మీద పెట్టి, పూలు, గంధం పెట్టి, సాయంత్రం పని నుంచి వచ్చినవాళ్లంతా చుట్టూ చేరితే ఒకరు చదువుతారు. బడి లేని ఊళ్లలో కూడా ఆ గది ఉండేదని, వాళ్ల నాన్న అక్షరాలు దిద్దింది ఉద్యోగానికి కాదు, ఆ గద్దె ముందు కూర్చోవడానికేనని ఆయి చెప్పింది. నేను డిగ్రీలో మూడేళ్లు సాహిత్యం చదివాను. పక్క రాష్ట్రంలో పుస్తకానికి ఇంత మర్యాద ఉందని నాకు ఎవరూ చెప్పలేదు.

మార్గశిరంలో ప్రతి గురువారం ఆ ఆడవాళ్లు నోము పట్టేవారు. తెల్లారకముందే లేచి గుడిసెల ముందు అలికి, బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, వేళ్లతో వరి కంకులు వేసేవారు. వాకిట్లో నుంచి లోపలికి దేవి పాదాలు వేసేవారు. కొత్త వడ్లు నింపిన కొలత పాత్రే వాళ్లకు లక్ష్మి. మాది కందుల నేల, అయినా కాగ్నా వాగు పక్క పొలంలో అడిగి నేనే వడ్లు తెచ్చిచ్చాను. వాళ్ల వెదురు కొలతకు బదులు మన మానిక పెట్టుకున్నారు. తర్వాత ఎర్రగుడ్డలో చుట్టిన పలుచటి పుస్తకం విప్పి ఆయి చదివేది.

కథ ఇది. నోము రోజు తెల్లవారుజామున దేవి ఊరు చూడటానికి బయలుదేరుతుంది. పెద్దిళ్లన్నీ నిద్రలో ఉంటాయి. ఊరవతల, వీధులూడ్చే కులపు ఆడమనిషి ఇల్లు ఒక్కటే అలికి, ముగ్గేసి, శుభ్రంగా ఉంటుంది. దేవి ఆ ఇంట్లోకి వెళుతుంది. ఆ సంగతి తెలిసి ఆమె బావగారు ఆగ్రహించి, తన తమ్ముడైన ఆమె భర్త చేతనే ఆమెను ఇంట్లోంచి పంపించేస్తాడు. ఆమె పోయాక అన్నదమ్ములకు ఎక్కడా అన్నం పుట్టదు. చివరికి ఆమె చేతి అన్నమే తిని, ఇకమీదట ప్రసాదం దగ్గర కులం చూడమని ఒప్పుకుంటారు. శతాబ్దాల కిందట ఇటువంటి కథ రాసి, దాన్ని నోముగా చేసి ఇంటింటి ఆడవాళ్ల చేతికిచ్చిన సాహిత్యం అది.

మొదటి గురువారం చదువు అయ్యాక ఎవరి ప్రసాదం వాళ్లు తిన్నారు. నాకు ఎవరూ పెట్టలేదు. సంచి భుజాన వేసుకుని షెడ్డుకు వచ్చేశాను. మరునాడు పిల్లలు చెప్పారు, ఆ ప్రసాదం ఇంటివాళ్లకే, పెళ్లై అత్తారింటికి పోయిన కూతురికి కూడా పెట్టరు అని. సగమే నమ్మాను. మిగతా సగం, కులం చూసే పెట్టలేదేమోనని, ఊరవతల మా గేరి పిల్లలకు చిన్నప్పటి నుంచి అలవాటైన ఊహ.

ఆయి కళ్లలో అప్పటికే శుక్లాలు ముదిరాయి. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివేది. తాండూరులో ఉచిత ఆపరేషన్ల శిబిరం పెడుతున్నారని తెలిసి నేనే ఆమెను ఒప్పించాను.

"కోసినంక గురువారం నాటికి చదువుతనా?" అని ఒక్కటే అడిగింది.

"చదువుతవ్ ఆయి" అన్నాను, ఏ డాక్టరునూ అడగకుండానే.

ఆమె కంటికి కట్టుతో తిరిగి వచ్చింది. వంగొద్దు, పొగ దగ్గరికి పోవద్దు, కొన్ని వారాలు చదవొద్దు అని చీటీ మీద రాసి ఉంది. రెండో కంటికి అక్షరం ఆనడం లేదు. ఆఖరి గురువారం దగ్గరికొచ్చింది. పెళ్లైనప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పని నోము అది, నడిమిట్లో ఆపితే కీడని ఆమె భయం.

నోటికి వచ్చు కదా, చెప్పెయ్ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నోటితోని జెప్తే అది కథ. పుస్తకం తెరిస్తెనే దేవి." ముఖం నా వైపు తిప్పింది. "నువ్వు చదువు, దిదిమణి."

దిదిమణి అంటే టీచరమ్మ. కూలీలను తెచ్చిన సర్దార్ ధనేశ్వర్ అక్కడే ఉన్నాడు. అతనికి లెక్కలు రాసుకునేంత చదువే.

"జర సోచాయించు ఆయి. దిదిమణి చర్చికి పోయే మనిషి. ఆళ్లది ఊరవతలి గేరి. నోము ఖరాబ్ జేస్తవా?"

నేను లేవబోయాను. ఆయి నా కొంగు పట్టుకుంది.

"ధనేశ్వర్, మీ అమ్మ సుత గీ కథ ఇన్నది గద. దేవి ఎవల ఇంట్లకు పోయింది?"

అతను భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"నోరు పడిపోయిందా? ఎవల ఇంట్లకు?"

"ఊరవతలి ఇంట్లకే" అన్నాడు నేల చూస్తూ.

"దేవిని ఎల్లగొట్టినోళ్లకు ఏమైంది?"

"బువ్వ పుట్టలే!" అని వెనక నుంచి ఒకామె అరిచింది. ఇంకొకామె అందుకుంది. "సర్దార్‌కు సుత రేపటి సంది పుట్టదు. పొయ్యి ఎవలు ముట్టిస్తరో సూస్తం!" ఆడవాళ్లంతా పడీ పడీ నవ్వారు. ధనేశ్వర్ తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు.

నాకు రాగం రాదని, సంయుక్తాక్షరాల దగ్గర తడబడతానని చెప్పాను. ఆయి తేలిగ్గా తీసుకుంది. "రాగం మేం అందుకుంటం. అక్షరం నువ్వు పట్టుకో."

పుస్తకం ఇంటికి తీసుకుపోకూడదు కాబట్టి బడి వదిలాక అక్కడే సాధన చేశాను. అన్ని పాదాలూ ఒకే కొలతలో ఉంటాయి. రెండేసి పాదాలు జంటగా నడుస్తాయి. ఆ కొలత ఒకసారి నాలుకకు అందితే తర్వాతి మాట తనంతట తానే వస్తుంది.

ఆ గురువారం పొద్దున తలస్నానం చేసి, ఏమీ తినకుండా బయలుదేరాను. మా అమ్మ గుమ్మంలో ఆపింది. "ఏందే, తినకుండ పోతున్నవ్? ఉపవాస ప్రార్థనా? గివాళ శుక్రవారం గాదు గదనే." కడుపులో బాగాలేదన్నాను.

మొదట నా గొంతు నాకే వినిపించలేదు. ముందు కూర్చున్న నా పిల్లలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఆయి తలొంచుకోకుండా, కట్టున్న ముఖం నిటారుగా పెట్టుకుని వింటోంది. ఊరవతలి ఆడమనిషి చీకటితోనే లేచి వాకిలి ఊడ్చే చోటికి వచ్చాను. మా నాయనమ్మ బతికినన్నాళ్లూ బషీరాబాద్‌లో ఒక పెద్ద రైతు వాకిలి ఊడ్చింది. ఆ గడప ఏనాడూ దాటలేదు. ఆ పాదం దగ్గర నా గొంతు వచ్చింది. ఆడవాళ్లు పాదం చివర అందుకుని రాగం తీశారు. తర్వాత నేను ఎక్కడా ఆగలేదు. పుస్తకం మూసేసరికి వాళ్లు నాలుకలాడిస్తూ చేసే మంగళధ్వని అవతలి బడి షెడ్డు రేకులను మోగించింది. ధనేశ్వర్ దూరంగా, చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

ఆ నెల నివేదికలో 'ఇతర కార్యక్రమాలు' అన్న చోట 'పఠన అభ్యాసం' అని రాశాను. ఎవరూ వివరం అడగలేదు. కానీ మరుసటి వారం నుంచి, పచ్చి ఇటుకలు తిప్పే పనిలో ఉంచిన ఆడపిల్లలను తల్లులే చెయ్యి పట్టుకుని తెచ్చి బడిలో కూర్చోబెట్టారు. ఆయి తర్వాత పుస్తకం పట్టుకునేవాళ్లు కావాలి కదా అన్నారు. ఇప్పుడు బట్టీల్లో బడులు మూసేసి, పిల్లలను ఆటోల్లో ఊరి బళ్లకు తీసుకుపోతున్నారు. అలా ముప్పై నిండకముందే నేను ఆ కొలువు నుంచి విశ్రాంత ఉద్యోగినయ్యాను. అది నేర్పింది ఇంతే. పిల్లలకు అక్షరం నేర్పాలంటే, ఆ అక్షరం కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో టీచరు ముందు తెలుసుకోవాలి. నేను తెలుసుకున్నాను, ఆ పని బాగా చేశాను.

ఆయిని మళ్లీ చూడలేదు. నేను శిక్షణ కోసం వికారాబాద్ పోయిన వారంలో, కంటికి పొగ పడదని కొడుకు వచ్చి ఊరికి తీసుకుపోయాడు. నేను కథ చదివిన ఆ గురువారం, చదువు అయ్యాక, ఆచారం తెలిసిందాన్ని కాబట్టి, ప్రసాదం పంచకముందే సంచి తీసుకుని లేచాను. ఆయి గోడ తడుముకుంటూ వచ్చి, బెల్లం, కొబ్బరి పెట్టి చేసిన కుడుములున్న ఆకుదొప్ప నా చేతిలో పెట్టింది. ఇది బయటివాళ్లకు పెట్టరు కదా అన్నాను.

"బయటికి ఎందుకు పోతవ్? లోపల కూసోని తిను."