లేని అన్న కోసం కొన్న అద్దం

ఆ రోజుల్లో నాకు మోటార్‌సైకిల్ నడపడమంటే భయం ఉండేది కాదు, నడుపుతుంటే ఎవరైనా చూస్తారేమోనని ఉండేది. ఆరేళ్ల కిందటి మాట. సీతాఫల్‌మండి నుంచి బేగంపేటలో ఆఫీసుకు షేరు ఆటోలో వెళ్లేదాన్ని. "ఆపండి" అని గట్టిగా అనలేక, ఇంకెవరో ఆపించిన చోట దిగి వెనక్కి నడిచేదాన్ని. (డైరీలో మాత్రం "ఆరోగ్యం కోసం నడక" అని రాసుకున్నాను. డైరీ దగ్గర కూడా సిగ్గే.) అందుకే మా చిన్నాన్న కారు కొనుక్కుని పాత బండి నాకిస్తానన్నప్పుడు, నోరు విప్పకుండా నచ్చిన చోట ఆగవచ్చన్న ఒక్క ఆశతోనే పట్టుబట్టి నేర్చుకున్నాను. "నెల రోజులు తోలు బిడ్డా. అటెంక ఆదివారం ఎనక కూసోని చూస్త. నీతోని గాదనిపిస్తే బండి వాపస్. మళ్ల నారాజ్ గావద్దు" అన్నాడు చిన్నాన్న.

బండి బాగానే నడిచింది. సిగ్నళ్ల దగ్గరే తంటా. పక్క స్కూటర్లవాళ్లు, బస్సు కిటికీల్లో పిల్లలు, అందరూ నన్నే చూస్తున్నట్టుండేది. బండితో వచ్చిన ముందు అద్దం, హ్యాండిల్ మీద గాలికి అడ్డుగా బిగించేది, అరచేతికి కాస్త పెద్దది, అంతే. దాన్ని తీసేసి పెద్దది, నల్లది బిగిస్తే హాయిగా దాని వెనక దాక్కోవచ్చనిపించింది. గడువుకు వారం ఉందనగా ఒక శనివారం రాణీగంజ్‌లో, అందరూ కాకా అని పిలిచే మెకానిక్ దగ్గరికి వెళ్లాను.

"బండెక్కి కూసో బిడ్డా. అద్దం అంచు కండ్లకంటె జెర కిందికుండాలె. పైనుంచి తొవ్వ కనవడాలె" అన్నాడు కాకా. దుకాణం ముందు చాయ్ తాగుతున్న ఐదారుగురు ఇటు తిరిగారు. వాళ్ల ముందు కూర్చుని కొలత ఇవ్వడమా! ఆ క్షణంలో నా నోట ఒక అన్న పుట్టాడు. "నాకు కాదు కాకా, మా అన్నకు." (మా ఇంట్లో నేనొక్కతినే.) "ఎంతెత్తుంటడు?" "ఆరడుగులు." "జబర్దస్త్!" అని కాకా ఉన్నవాటిలో అతి పెద్ద నల్లద్దం బిగించాడు.

ఆ అద్దం నా నుదుటి దాకా వచ్చింది. మిట్టమధ్యాహ్నమే నా ఒక్కదాని రోడ్డు మీద పొద్దుగూకింది. గుంతల కోసం మెడ సాచి పైనుంచి, ఆటోల కోసం వంగి పక్కనుంచి చూసుకుంటూ నడిపాను. "ఏందమ్మా, దాగుడుమూతలా?" అని సిగ్నల్ దగ్గర పోలీసాయన అడిగేసరికి, అంతవరకు నన్ను చూడనివాళ్లు కూడా చూశారు. వారమంతా అదే వరస. ఇలా నడిపితే చిన్నాన్న వీధి చివరి దాకా కూడా ఓపిక పట్టడు. గడువుకు ముందురోజు మళ్లీ కాకా దగ్గర నిలబడ్డాను.

"అన్నకు సరిపోలేదు కాకా."

"ఆరడుగులోనికి సరిపోకుంటెట్ల? అన్ననే తోల్కరా, కూసోబెట్టి చూస్త."

"రాడు... సిగ్గెక్కువ."

కాకా నా ముఖం చూశాడు, చేతిలో హెల్మెట్ చూశాడు. "అట్లనా. అయితే ఆయన బదులు నువ్వే కూసో."

కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి. కాకా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ, "వారంలనే గింత పొట్టిగైండు మీ అన్న. పానం మంచిగున్నదా?" అన్నాడు, నవ్వకుండా. చాయ్ తాగేవాళ్లు నన్నొకసారి చూసి, చాయ్‌లో అల్లం ఎక్కువైందా తక్కువైందా అన్న వాదనలోకి వెళ్లిపోయారు. మళ్లీ తిరగలేదు.

మర్నాడు యాప్రాల్ దాకా వెళ్లాం, కాకా బిగించిన కొత్త పొట్టి తెల్లద్దం మీదుగా దారంతా నాకు కనబడుతుండగా. చిన్నాన్న దిగి, "బండి నీదే. గీ అద్దం మంచిగ కుదిరింది, కొలత ఎవరిచ్చిన్రు?" అన్నాడు. అన్న పేరు నాలుక దాకా వచ్చింది. "నేనే, చిన్నాన్నా" అన్నాను.

ఇప్పటికీ సర్వీసుకు వెళితే, "అన్న మంచిగున్నడా?" అని అడుగుతాడు కాకా. "ఉన్నాడు కాకా, బయటికే రాడు" అంటాను. నల్లద్దం నా పుస్తకాల అర పక్కన గోడకు ఆనుకుని ఉంది. మొన్న దాన్ని తుడుస్తూ ఆనాటి డైరీ తీశాను. నేనే కొలత ఇచ్చిన ఆ రెండో శనివారం కింద ఒక్కటే వాక్యం: "ఈరోజు అందరి ముందూ కూర్చున్నాను, ఎవరూ పట్టించుకోలేదు." దాని కింద, ఇంకా చిన్న అక్షరాల్లో: "కొంచెం బాధేసింది."