ముఖం దాచారు, శాలువా మరిచారు

లియోకాడియాకి ఒకటే భయం: ఆ సంగతి మొగుడు సతుర్నినోకి తెలియకూడదు. ఇరవై మూడేళ్లుగా కడుపులోనే పెట్టుకుంది. ఒక్క ఆడపిల్లతో కాన్పులు ఆగిపోయాయి. అతను తాగొచ్చి, "ఏ పసరు మింగి నా వంశం ఆపావే, కంచరగాడిదా?" అని తిట్టినప్పుడల్లా బంగాళదుంపల సూప్ వడ్డించేది.

కిందటేడు రాజధాని లీమా నుంచి డాక్యుమెంటరీ తీసేవాళ్లొచ్చారు. "ముఖం కనపడనివ్వం, గొంతు మార్చేస్తాం" అని ఒట్టేశారు. పిచ్చి తల్లి నమ్మింది, ఉన్నదంతా కక్కేసింది.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా ఊరి బళ్లో వేశారు. వెళ్లనంటే మొగుడికి అనుమానమొస్తుందని అతని పక్కనే, గోడవారగా కూర్చుంది. కిటికీలకు దుప్పట్లు కట్టేశారు. గుమ్మం దాకా జనమే.

తెర మీద ముఖం నల్లగా, గొంతు మొగగొంతులా ఉంది. మరి భుజాల మీద శాలువా? పట్నంవాళ్లకి శాలువాలన్నీ ఒకటే. ఈ కొండల్లో అంచు మీది పిట్టల తోకలు చూసి ఏ ఇంటి మగ్గమో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఎంత పని చేశారయ్యా, మహానుభావులు!

"వదినా, ఆ తోకలు నీ నేత కాదూ?" వెనక నుంచి పొరుగింటి నికనోరా.

"నోర్ముయ్యవే."

లేవబోయింది. ఎటు పోతుంది? కదలడానికి సందు లేదు. తెర మీది మనిషి చెబుతూనే ఉంది. కాన్పుకని సర్కారు ఆసుపత్రికి వెళ్తే చేతులు కట్టేసి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారట.

"నా మొగుడికి చదువు రాదు. పిండి బస్తా ఇస్తున్నామని చెప్పి ఒప్పుదల కాగితం మీద ఆయన చేతే వేలిముద్ర వేయించుకున్నారు. ఆయనకి ఇప్పటికీ తెలీదు. తెలిస్తే బతకడు."

లియోకాడియాకి పక్కకి తిరిగి చూసే ధైర్యం లేదు.

దుప్పట్లు తీశారు. లీమా నుంచి వచ్చిన అమ్మాయి, "ఎవరైనా మాట్లాడతారా?" అని అడిగింది. సతుర్నినో లేచాడు.

"కూర్చోవయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా," అని లియోకాడియా అతను పైన కప్పుకున్న పోంచో పట్టుకుని లాగింది. అతను కూర్చోలేదు.

"పిండి మంచిదే ఇచ్చారమ్మా," అన్నాడు ఆ అమ్మాయితో. "మూడు నెలలు తిన్నాం. ఇది పచ్చి ఒళ్లుతో మూలుగుతూనే రొట్టెలు కాల్చి పెట్టింది. బాగున్నాయి, ఇంకోటి వెయ్యవే అని అడిగి మరీ తిన్నాను."