ముసఫ్ఫా బస్సులో ఆయిల్ బావి

ఇలా రాయడం నాకిదే మొదటిసారి. ఒక సెలవు రోజు, ఈ అరబ్బు దేశంలో నేను పనిచేసే ముసఫ్ఫాలో బస్సెక్కితే, పక్క సీటులో నెరిసిన గడ్డం ఉన్న పెద్దాయన కూర్చున్నాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడడం విని నవ్వాడు. తన ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు.

“నా ఆయిల్ బావి తమ్ముడూ! మా కడప కాడ మూడు బోర్లు వేపిస్తే చుక్క నీళ్లు పడ్లేదు. ఈడ ఆయిల్ బావిలోనే భాగం కొన్నా. ఇన్నేళ్లు బండి తోలి దాచిందంతా పెట్టినా.”

నేను ఆయిల్ సైట్లో పైపులు బిగించేవాణ్ని. ఫొటోను దగ్గరగా చూశాను. పైపు ఉండాల్సిన చోట ఇనుప బిళ్ళ బిగించి ఉంది. ఆయిల్ అయిపోయిన బావికే మేమలా బిగిస్తాం. చెప్పాలా వద్దా అని రెండు స్టాపులు నలిగాను. ఇంకా డబ్బు పెడతాడేమోనని భయమేసి చెప్పేశాను.

“భాయ్, ఈ బావి ఖలాస్. ఇంకేం కట్టొద్దు.”

“తెలుసు తమ్ముడూ, ఏడాదైంది,” అన్నాడు, ఫోన్ జేబులో పెట్టకుండానే. “ఊరికే కూర్చుంటే పక్కనోడు మాట్లాడడు. ఇది చూపిస్తే మాట్లాడతాడు.”

నా స్టాపు వచ్చింది. దిగలేదు. చివరిదాకా ఆ బావి గురించే అడుగుతూ కూర్చున్నాను.