రేకుల మీద గడ్డి

మా ఇంటి కప్పు మీద మాకంటే కోతులకే హక్కు ఎక్కువ. ఏటా అవి గూన పెంకులు పగలగొట్టేవి, ఏటా బాపు నిచ్చెన వేసుకుని సర్దేవాడు. ఎనభైల్లో ఒక ఎండాకాలం ఆయనకు విసుగొచ్చి, రేకులు కొని, పడవలో గోదావరి దాటించి తెచ్చి కప్పించాడు. మా ఊరు అంకిసలో మా వాడకు అదే మొదటి రేకుల ఇల్లు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ అమ్మ చాయ్ పోసింది.

మా చెల్లెకు అప్పుడు ఆరేళ్లు. మాటలు తక్కువ. పిలిస్తే తిరిగి చూసేది కాదు గానీ పక్కింట్లో రోకలి పోటు పడితే చెవులు మూసుకునేది. అమ్మ కొత్త చీర కడితే, అది ఉతికి ఉతికి మెత్తబడేదాకా ఒడిలోకి వచ్చేది కాదు. ఆటిజం అన్న మాట మాలో ఎవరమూ వినలేదు. గాలి సోకిందని కొందరు, మంకుతనమని కొందరు అన్నారు. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, మాత్రం "దాని తీరే గంత, ఇడిసిపెట్టుండ్రి" అనేది.

మిరుగు వాన, అంటే మృగశిర కార్తె తొలకరి, మొదటిసారి ఆ రేకుల మీద పడ్డరోజు మాకే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. చెల్లె తల గోడకేసి కొట్టుకుంది. తర్వాత తలుపు తోసుకుని వానలోకి, నది వైపు పరుగెత్తింది. బాపు వెంటపడి రేవు దగ్గర పట్టుకొచ్చాడు. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, ఎద్దును కట్టే పలుపుతో దాని కాలు గుంజకు కట్టేసేవాడు.

"ఏడిస్తె ఏడ్వనియ్. గోదాట్ల పడితె నువ్వు తెస్తవా?" అన్నాడు అమ్మతో.

ఆ మాటలో న్యాయం ఉంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నదికి భయపడి కట్టాడు, కానీ ఏ చప్పుడుకు పిల్ల పారిపోతోందో సరిగ్గా దాని కిందే కట్టాడు.

దారి చెల్లే చూపింది. మా నడిమింట్లో వడ్లు పోసుకునే గుమ్మి ఉండేది. వెదురుతో అల్లి, పేడమట్టితో మందంగా అలికి, పైన గడ్డి మూత పెట్టిన మనిషెత్తు గుమ్మి. వానాకాలానికి అది అడుగంటుతుంది. ఒకరోజు అన్నం తినిపిద్దామని అమ్మ పలుపు విప్పి, కంచం తెచ్చేలోపు వాన మొదలైంది. చూస్తే పిల్ల లేదు. అమ్మా నేనూ ఏడుస్తూ రేవు దాకా పోయి వచ్చాం. చెల్లె గుమ్మి పక్కనున్న బస్తాలెక్కి అందులోకి దిగి, మూత కింద ముడుచుకుని నిద్రపోతోంది. నేనూ లోపలికి వంగి విన్నాను. వాన అవతలి ఒడ్డున పడుతున్నట్టుంది.

అమ్మ కొడవలి తీసుకుని గుమ్మికి కింద, పిల్ల పట్టేంత ద్వారం కోసింది.

"లచ్చిమి కడుపు కోస్తవానే?" అంది బాపమ్మ.

"పాపమొస్తె నాకే రానియ్ అత్తా."

బాపు చాలా రోజులు అమ్మ మీద గొణిగాడు. కానీ పలుపు కొట్టంలోకి తిరిగి పోయింది. ఆ ఏడు పంటంతా బస్తాల్లోనే ఉంది, ఎలుకలకు పండగే పండగ. ఖాళీ గుమ్మి ఉన్న కొంప బాగుపడదని చుట్టాలు మా ఇంట్లో తిన్న చేయి కడుక్కుంటూనే అనేవాళ్లు.

ఈమధ్య నగరంలో ఒక బడిలో ఇలాంటి పిల్లల కోసం కట్టిన నిశ్శబ్ద గది చూపించారు. మెత్తటి గోడలు, తక్కువ వెలుతురు. కట్టినాయన ఎంతో ఓపికగా వివరించాడు. మంచి గదే. నేను మాత్రం మధ్యలోనే బయటికి వచ్చేశాను. మా ఇంట్లో ఒక పిల్ల అలాంటి గదిని తనే వెతుక్కుంటే, దాన్ని పాడుచేసింది మా ప్రేమే.

గుమ్మి కోసిన తర్వాత వచ్చిన ఉగాది అది. ఉగాదికి ఇల్లంతా అలకాలి. అలకని మూల ఉంటే అరిష్టం. అప్పటికి బాపమ్మ కూడా ఆ గుమ్మిని మనవరాలి ఇల్లు అని మురిసిపోయేది. పండగ పూట పిల్ల ఇల్లు పాతగా ఉంటే ఎట్లా అని లోపలా బయటా కొత్త పేడతో అలికి, సున్నంతో ముగ్గు పెట్టి, పాత బొంత తీసేసి కొత్త బొంత పరిచింది. చెల్లె తల లోపల పెట్టింది, వాసన చూసింది, వెనక్కి వచ్చేసింది. మేం నవ్వుకున్నాం.

మర్నాడు సాయంత్రం వడగండ్లు పడ్డాయి. రేకుల మీద కంకర గుమ్మరించినట్టుంది. చెల్లె గుమ్మి దాకా పరుగెత్తేది, ద్వారం దగ్గర ఆగి వెనక్కి వచ్చేది, మళ్లీ పరుగెత్తేది. చివరికి తన మణికట్టు తనే నెత్తురొచ్చేలా కొరుక్కుంది. బాపు గట్టిగా పట్టుకుంటే ఇంకా అరిచింది. వాన ఆగేసరికి దాని గొంతు పోయింది.

"నేనే చేసిన్నా గిది?" అంది బాపమ్మ.

ఆ ఎండాకాలం బాపు రేకుల మీద వరిగడ్డి మందంగా పరిచి, వెదురు బద్దలతో బిగించి కట్టాడు. ఊరంతా నవ్వింది.

"రేకులు కొన్నది గడ్డి కప్పనీకెనా?" అని అడిగాడు పక్కింటాయన.

"మా ఇంటికి సలి పెడ్తుంది," అన్నాడు బాపు, నెత్తిన కాలే ఎండలో చెమట తుడుచుకుంటూ.

మళ్లీ మిరుగు వచ్చింది. వాన గడ్డి మీద పడితే లోపల గుసగుసంత చప్పుడు కూడా లేదు. బాపమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పుడు చూసుకున్నాం, చెల్లె ఇంట్లో లేదు. మబ్బు పట్టగానే వాకిట్లోకి పోయి నిలబడింది. నిలువునా తడుస్తోంది. అమ్మ పిలిచింది. అది మా వైపు కాదు, ఆ చప్పుడు ఇంకా అక్కడే ఉన్నట్టు కప్పు వైపు చూస్తోంది.

బాపు బయటికి పోయాడు. లాక్కొస్తాడేమో అనుకున్నాను. చేయి అందనంత దూరంలో బురదలో కూర్చున్నాడు.

"లోపల సప్పుడు లేదు బిడ్డా. నేను ఇన్న," అన్నాడు.

ఎవరి కోసం గడ్డి కప్పామో ఆ పిల్ల వాన తగ్గేదాకా లోపలికి రాలేదు. బాపు కూడా రాలేదు.